కొవ్వొత్తులు నిలిచే గాలి

పదింటికి పాదరసం పైకి రావాలి. రోజూ వస్తుంది. సముద్రానికి పోటూ పాటూ ఉన్నట్టే గాలి బరువుకీ ఉన్నాయని, పొద్దున పదింటికి ఒక పోటు, సాయంత్రం నాలుగింటికి ఒక పాటు వస్తాయని, ఉద్యోగంలో చేరిన మొదటి వారమే దేవదానానికి ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళ పేరు గుర్తులేదు గానీ చెప్పిన మాటను పద్ధెనిమిదేళ్ళుగా గోడకున్న బారోమీటరులో చూస్తూనే ఉన్నాడు. వాన పడనీ, ఎండ కాయనీ, బందరులో పెళ్ళిళ్ళు జరగనీ, శవాలు లేవనీ, పదింటికి పాదరసం వెంట్రుకంత పైకి లేస్తుంది. లేవలేదంటే బంగాళాఖాతంలో ఏదో దాన్ని కిందికి లాగుతోందని అర్థం. ఇప్పుడు గడియారం తొమ్మిదీ అయిదు. ఎనిమిదిన్నరకు చూసినప్పుడు పాదరసం తొమ్మిది వందల తొంభై తొమ్మిది పాయింట్ ఎనిమిది మిల్లీబార్ల దగ్గర ఉంది. ఈ వాతావరణ ఆఫీసులో ఎవరూ వెయ్యి అనే మాట నోటితో అనరు. ఏడు పాయింట్ ఆరు అంటారు, పది పాయింట్ రెండు అంటారు. ముందున్న వెయ్యి ఎప్పుడూ ఉండేదే కాబట్టి దాన్ని పలకడం దండగ. ఇవాళ పొద్దున ఆ అంకెను పెదవులతో చదువుకోబోయి ఆగిపోయాడు. తొమ్మిది వందల, అని మొదలుపెట్టవలసి వచ్చింది. అలా మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది.

ఆ అంకెను కాగితం మీద రాసి, ఆఫీసు ప్యూను అబ్బులు చేతికిచ్చి తంతి ఆఫీసుకు పంపాడు. అది ఈపాటికి మద్రాసులో పై ఆఫీసు బల్ల మీదికి చేరి ఉంటుంది. ఏడున్నర బస్సు చల్లపల్లి దాటి ఉంటుంది. అందులో ఎడమవైపు కిటికీ దగ్గర కూతురు దయామణి కూర్చుని ఉంటుంది, పక్కన భార్య అన్నమ్మ, అన్నమ్మ కాళ్ళ దగ్గర సున్నం డబ్బా, ఒడిలో బంతిపూల సంచి, కొవ్వొత్తుల పొట్లం. రేపు సమాధుల పండుగ. కోడూరులో అన్నమ్మ అన్నయ్య మత్తయి బడిపంతులు. ఆ ఊరి చివర సమాధుల తోటలో మూడో వరసలో చిన్న సమాధి ఒకటి ఉంది. ఏటా ఈ రోజుకు అన్నమ్మ వెళ్ళి దానికి సున్నం వేస్తుంది, సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తుంది. దేవదానం ఒక్కసారీ వెళ్ళలేదు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు; ఆ నెలల్లో సెలవు అడగకూడదు. అడిగితే ఇచ్చేవారేమో తెలియదు. అడగలేదు. ఈ యేడు దయామణికి ఎనిమిదేళ్ళు. ఆ సమాధిలో ఉన్నది తను పుట్టక ముందే పోయిన అన్న, వాడికి తనే సున్నం వేస్తానని పది రోజులుగా పట్టు పట్టింది. కొబ్బరిపీచు కుంచె తనే చేసుకుంది. బస్సు కదిలేటప్పుడు ఆ కుంచెను కిటికీలోంచి ఊపింది. తెల్లవారి ఏడున్నరకు ఆకాశం బూడిద రంగులో ఉన్నా గాలి పెద్దగా లేదు, చినుకు లేదు. నవ్వుతూ చెయ్యి ఊపాడు. ఎనిమిదిన్నరకు ముందు మనిషి ఎంత తేలికగా చెయ్యి ఊపగలడో.

నిన్న సాయంత్రం అయిదున్నర. ఆ అయిదున్నర దగ్గరికి ఆలోచన వెళ్ళకుండా పొద్దుటి నుంచి అడ్డంగా నిలబడ్డాడు, కానీ కాలువకు గండి పడిన చోటికే నీళ్ళన్నీ వెళ్తాయి. అయిదున్నరకు ముందు గాజు పక్కనున్న థర్మామీటరు చూశాడు, మనిషి ఒంటి వేడి తగలకముందే దాన్ని చూసుకోవాలి. తర్వాత గొట్టాన్ని వేలితో సన్నగా తట్టాడు. పొడగరి కాబట్టి మోకాళ్ళు కొద్దిగా వంచి, కంటిని పాదరసం పైఅంచుతో సమానం చేసి, మరను తిప్పుతూ ఇత్తడి అంచును దించాడు. పాదరసం నడుమ పొంగి ఉంటుంది, ఆ పొంగుకు రెండు పక్కలా వెలుగు చుక్కలు రెండు మిగిలేదాకా దించి ఆపాలి. ఆపాడు. రెండు పాయింట్ ఆరు. పాకెట్ పుస్తకంలో పెన్సిలుతో రాశాడు. రాసి, చూశాడు. మొన్న సాయంత్రం తొమ్మిది పైన ఉంది. ఇది ఎలా ఇంతకు దిగుతుంది? గాలి లేదు. కొబ్బరాకు కదలడం లేదు. జూనియరు నరసింహారావు ఉంటే, నువ్వూ ఒకసారి చూడవయ్యా అనేవాడు. అతను ఆదివారం గడపడానికి మధ్యాహ్నం బండిలో గుడివాడ వెళ్ళిపోయాడు. ఉన్నా అతన్ని అడిగేవాడా? అడిగితే, మళ్ళీ అయిదేనాండీ, అనేవాడు, నవ్వు కనబడకుండా. తనంతట తానే గీసే బారోగ్రాఫు ఉంటే దాన్ని చూసుకునేవాడు. దాని గడియారం చెడి పూనా వెళ్ళి రెండు నెలలయింది. ఆ గదిలో పాదరసానికి ఉన్నవి రెండు కళ్ళే, దేవదానం కళ్ళు.

అప్పుడే గుమ్మంలో అన్నమ్మ. ఆఫీసు వెనకే క్వార్టరు కాబట్టి చెయ్యి తుడుచుకుంటూ వచ్చేస్తుంది. లోపలికి రాదు, గుమ్మం దాటదు, అది సర్కారు గది అని ఆమెకు భయభక్తులు. "ఏవండీ, ఎల్లుండి సాయంత్రం గాలి ఎలా ఉంటుంది? కొవ్వొత్తులు నిలుస్తాయా?" అంది. చూస్తున్నాను ఉండు అన్నాడు. "పోయినేడు ఒక్కటీ నిలవలేదు. అన్నయ్య తాటాకు అడ్డం పెట్టినా ఆరిపోయాయి. అందరి దగ్గరా వెలుగుతున్నాయి, వాడి దగ్గరే చీకటి." ఆమె ఏడవలేదు. తాటాకు గురించి చెప్పినట్టే చెప్పింది. చదవడానికీ రిజిస్టరులో రాయడానికీ మధ్య ఉండేది నాలుగడుగులు. గోడ నుంచి బల్ల దాకా. ఆ నాలుగడుగుల్లో ఆమె మాట వచ్చి నిలబడింది. నిలుస్తాయి, అన్నాడు దేవదానం. ఆమె వెళ్ళిపోయింది. అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. బల్ల మీద దయామణి రబ్బరు ఉంది, లెక్కలు చేసుకుని మరిచిపోయి వెళ్ళింది, ఒక మూల పళ్ళతో కొరికి ఉంది. ఆ రబ్బరుతో రెండు పాయింట్ ఆరు చెరిపేశాడు. ఏడు పాయింట్ ఆరు అని రాశాడు. రిజిస్టరులో సిరాతో అదే ఎక్కించాడు. తంతికి అదే పంపాడు. ఏడు పాయింట్ ఆరు ఎంత బాగా ఉందో. మొన్నటి అంకె పక్కన చక్కగా కూర్చుంది, పెళ్ళిపంక్తిలో బంధువు కూర్చున్నట్టు.

అయిదు కలపడం తెలియనివాళ్ళకు ఇది అబద్ధంలా కనబడుతుంది. గాజు మీది గీతలు అయిదేసి లెక్కన పెద్దవిగా ఉంటాయి. అలసిన కన్ను ఒక పెద్ద గీతకు బదులు ఇంకో పెద్ద గీతను పట్టుకుంటుంది, పాయింటు సరిగ్గానే ఉంటుంది, అంకె మాత్రం అయిదు పైకో కిందికో పోతుంది. ఈ పనిలో ఉన్న ప్రతివాడికీ ఒక్కసారైనా జరుగుతుంది. దాన్ని అయిదు తప్పు అంటారు. దేవదానానికి అయిదేళ్ళ కిందట జరిగింది. ఒక అక్టోబరు ఉదయం అయిదు తక్కువ చదివాడు, పై ఆఫీసు నమ్మింది, రేవులో కొయ్య మీద ప్రమాద సూచిక నంబరు ఎక్కింది, గిలకలదిండి పడవలన్నీ ఒడ్డున ఉండిపోయాయి. మూడు రోజులు నిర్మలంగా ఎండ కాసింది. నాలుగో రోజు చేపల బజారులో అబ్బులు భార్య రమణమ్మ గంప దించుతూ అందరూ వినేట్టు, "ఏమండోయ్ గాలి ఆఫీసు బాబుగారూ, ఇవాళ ఎండకి ఎన్నో నంబరు ఎక్కించారండీ?" అంది. బజారంతా నవ్వింది. ఆమె మాటలో విషం లేదు, మూడు రోజుల పస్తు ఉంది. తర్వాత తనిఖీకి సీతారామయ్య గారు వచ్చారు. పెద్దాయన, మెత్తగా మాట్లాడతారు. రిజిస్టరు చూసి, బారోమీటరు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దేవదానం, నువ్వు కంటితో చదివావా, భయంతో చదివావా?" అన్నారు. "నలభై తొమ్మిదిలో నీకు ఏం జరిగిందో నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను. ప్రతి పరికరానికీ దిద్దుబాటు కార్డు ఉంటుంది కదా. నీ దిద్దుబాటు ఎంతో నువ్వు తెలుసుకో." ఆయన మంచికే అన్నారు. మెమో కూడా మెత్తగానే రాశారు. ఆ రోజు నుంచి దేవదానం తన దిద్దుబాటు ఎంతో తెలుసుకున్నాననుకున్నాడు. అయిదు. తనకు భయం వేసినప్పుడల్లా అయిదు కలుపుకోవాలి. కలపవలసిన అవసరం అయిదేళ్ళలో ఒక్కసారే వచ్చింది.

గేటు చప్పుడు. అబ్బులు కాదు, గాలి. గేటు గొళ్ళెం వదులు. గాలికి గేటు చప్పుడవడం మొదలైతే సుమారు ఎంత వేగమో దేవదానానికి తెలుసు, గిన్నెలు తిరిగే పరికరం చూడక్కరలేదు. పొగ నిటారుగా లేస్తే సున్నా, ఆకు గలగలలాడితే రెండు, దుమ్మూ కాగితాలూ లేస్తే నాలుగు. కొవ్వొత్తి ఊసు ఆ గాలి పట్టికలో లేదు. కొవ్వొత్తి రెండుకే ఆరిపోతుంది. ఆ పట్టిక చేసినవాళ్ళు ఓడలవాళ్ళు, వాళ్ళకి సమాధుల తోటతో పనేమిటి. పట్టికలో చివరిదైన పన్నెండు అంటే ఏమిటో మాత్రం అతనికి పట్టిక అక్కర లేకుండా తెలుసు. నలభై తొమ్మిది తుఫానుకు ఈ గదిలోనే ఉన్నాడు. గంటగంటకూ చదివాడు. పెంకులు లేచిపోతుంటే గొడుగు కట్టుకుని రిజిస్టరు తడవకుండా రాశాడు. గాలి గిన్నెలు ఊడి ఎగిరిపోయిన నిమిషం కూడా రాశాడు. అక్షరాలు ఒక్కటీ వంకర పోలేదు. తర్వాత పై నుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది, విధి నిర్వహణలో చూపిన నిబ్బరం అని. ఆ ఉత్తరం కంటే మూడు రోజుల ముందు మత్తయి నడిచి వచ్చాడు, కోడూరు నుంచి బందరు దాకా, రోడ్డు లేని చోట నీళ్ళలో. గుమ్మంలో నిలబడి, "బావా, అన్నమ్మ బాగానే ఉంది," అన్నాడు. మొదట ఆ మాట అన్నాడు. దాన్నిబట్టే తెలిసిపోయింది. మట్టిగోడ. దాని కింద నాలుగేళ్ళ కొడుకు యోహాను. అన్నమ్మ కడుపుతో ఉంది, పురిటికని పుట్టింటికి పంపాడు, వాడినీ కూడా పంపాడు. వాళ్ళు బయలుదేరిన రోజు పొద్దున ఆకాశం ఎలా ఉందో గుర్తు తెచ్చుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాడు. రిజిస్టరు తీస్తే తెలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఆ రిజిస్టరు ఆ బీరువాలోనే ఉంది. తియ్యలేదు.

ఈసారి గేటు చప్పుడు మనిషిదే. అబ్బులు సైకిలు గోడకు ఆనించి, తలపాగా సర్దుకుంటూ లోపలికి వచ్చాడు. యాభై దాటిన మనిషి, సముద్రం మీద నడుం పట్టేసి ఒడ్డు ఉద్యోగంలోకి వచ్చాడు. చేతిలో తంతి కాగితం. "మీకేనండీ. అక్కడే ఉండి పట్టుకొచ్చాను. జవాబు అర్జెంటని చెప్పమన్నారు," అన్నాడు. దేవదానం విప్పాడు. ఉదయం రీడింగు నిన్నటితో పొసగడం లేదు. అయిదు తప్పు అనుమానం. సరిచూచి వెంటనే తెలుపుము.

అతను ఆ కాగితాన్ని చాలాసేపు చదివాడు. న్యాయమైన ప్రశ్న. వాళ్ళ స్థానంలో తనున్నా అదే అడిగేవాడు. నిన్న సాయంత్రం ఏడు పాయింట్ ఆరు ఉన్నది, రాత్రికి రాత్రి దాదాపు ఎనిమిది ఎలా పడిపోతుంది, గాలి ఇంకా లేవకుండా? పైగా రాసినవాడు ఎవరు? అయిదేళ్ళ కిందట అయిదు తక్కువ చదివినవాడు. నిన్నటి అబద్ధం ఒక్కటే ఇవాళ్టి నిజాన్ని అబద్ధం చేస్తోంది. నిన్న రెండు పాయింట్ ఆరు అని పంపి ఉంటే, ఇవాళ తొమ్మిది వందల తొంభై తొమ్మిది దాని వెనకే మెట్టు దిగినట్టు దిగేది, ఎవరూ ఏమీ అడిగేవారు కాదు, నిన్న సాయంత్రమే రేవులో సూచిక ఎక్కేది, ఏడున్నర బస్సులో ఆ సీటు ఖాళీగా వెళ్ళేది.

"ఏమైందండీ?" అన్నాడు అబ్బులు.

"మళ్ళీ చూడమంటున్నారు."

"చూడండి మరి. నిన్న పొద్దుటే చెప్పాను కదండీ, గాలి లేదు, అల మాత్రం పెద్దది కొడుతోందని. గాలి లేని అలని మావాళ్ళు నమ్మరు."

"నమ్మకపోతే వేటకు ఎందుకు వెళ్తారు?"

"రేవులో మీ కొయ్య మీద ఏమీ లేదుగా. కొయ్యకంటే నా మాట ఎక్కువా? కొయ్య చెప్పిందని ఓసారి మూడ్రోజులు ఎండలో కూర్చున్నవాళ్ళం కూడాను." అతను నవ్వుతూనే అన్నాడు. రోజూ అనేదే.

దేవదానం లేచి బారోమీటరు దగ్గరికి వెళ్ళాడు. థర్మామీటరు. వేలితో తట్టడం. అరచెయ్యి పంచెకు తుడుచుకుని మళ్ళీ తట్టాడు. ఇత్తడి అంచును దించాడు. ఇంకా దించాడు. వెలుగు చుక్కలు రెండూ సన్నబడేదాకా. తొమ్మిది వందల తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి. తొమ్మిదీ ఇరవై అయిదు. పోటు ఎక్కవలసిన వేళకు పాటు. బల్ల దగ్గరికి వచ్చి కాగితం తీసుకున్నాడు, పెన్సిలు తీసుకున్నాడు, పెన్సిలు తనంతట తానే రాయడం మొదలుపెట్టింది. సరిచూశాను. అయిదు తప్పు. నాలుగు పాయింట్ ఎనిమిదిగా చదువుకొనగలరు. రాశాక చూసుకున్నాడు. ఎంత తేలిక. ఇంకొక్క అయిదు. నిన్నటిదీ ఇవాళ్టిదీ మళ్ళీ పక్కపక్కన కూర్చుంటాయి. పై ఆఫీసు నిట్టూరుస్తుంది, నరసింహారావు రేపు వచ్చి నవ్వుతాడు, అంతే, మహా అయితే ఇంకో మెత్తటి మెమో. మధ్యాహ్నానికి గాలి లేస్తే అప్పుడు పంపేది అప్పుడు పంపవచ్చు, అప్పటికి ఎవరికీ అనుమానం రాదు. కాగితం మీద సముద్రం ఎంత నెమ్మదిగా ఉంటుందో. సరైనదే, మళ్ళీ చూశాను అని మాత్రం రాసి, నిన్నటి సంగతి ఎత్తకుండా వదిలేస్తే? నమ్మరు. అయిదు తప్పువాడి మాట వాడే ధ్రువపరిస్తే ఎవరు నమ్ముతారు. పక్క స్టేషను అంకె వచ్చేదాకా ఆగుతారు. అది రెండు గంటలు, మూడు గంటలు. మూడు గంటల్లో కోడూరు నుంచి ఎంత దూరం నడవవచ్చు? సున్నం వేసుకుంటూ కూర్చుంటే ఎంత దూరం నడుస్తారు?

బయటికి వచ్చాడు. కాంపౌండులో పరికరాలు పెట్టే తెల్ల పెట్టె, వాన కొలిచే గొట్టం, కొయ్య మీద గాలికోడి. సన్నగా చినుకు. పాత పాఠం ఒకటి ఉంది, ఓడలవాళ్ళది. గాలికి వీపు పెట్టి నిలబడి ఎడమ చెయ్యి చాపు, తుఫాను కడుపు అటు ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళ చేత ఈ కాంపౌండులోనే చేయిస్తాడు, వాళ్ళు బొమ్మల్లా చేతులు చాపి నవ్వుకుంటారు. దేవదానం వీపు పెట్టి నిలబడి చెయ్యి చాపాడు. పొద్దున గాలి ఈశాన్యం నుంచి ఉంది. అప్పుడు ఈ చెయ్యి సముద్రం వైపు, ఆగ్నేయానికి ఉండేది. ఇప్పుడు చొక్కా వీపుకు అంటుకునే చోటు మారింది. గాలి తూర్పుకు జరుగుతోంది. దానితోపాటు ఒళ్ళు తిప్పుకున్నాడు, ఒళ్ళు తిరిగితే చెయ్యి తిరిగింది, సముద్రం మీదినుంచి నెమ్మదిగా, గడియారం ముల్లు జరిగినట్టు, దక్షిణానికి. గాలి ఇంకా అటే జరిగితే ఈ చెయ్యి ఎక్కడికి వచ్చి ఆగుతుందో తెలుసుకోవడానికి పటం అక్కర లేదు. దివిసీమ కొస. మత్తయి బడి. ఊరి చివర తోట. మూడో వరస. చెయ్యి దించేశాడు. దించినంత మాత్రాన ఏమీ మారదని తెలిసీ గబుక్కున దించేశాడు, నిప్పు తగిలినట్టు.

బస్సు పులిగడ్డ అక్విడెక్టు దాటుతూ ఉంటుంది. దయామణికి ఆ వంతెన ఇష్టం, కింద ఏరు, పైన కాలువ, నీళ్ళ మీద నీళ్ళు ఎలా వెళ్తాయి నాన్నా అని అడిగింది పోయినేడు వెళ్ళొచ్చాక. బొమ్మ గీసి చూపించాడు. ఆ బొమ్మలో ఏదో తప్పుపోయి రబ్బరు అడిగాడు. ఇచ్చి, "నాన్నా, గట్టిగా రుద్దకు, కాగితం చిరుగుతుంది. చెరిపినా కనిపిస్తుందిలే," అంది. పాకెట్ పుస్తకం జేబులోంచి తీసి నిన్నటి పేజీని వెలుతురుకు ఏటవాలుగా పట్టుకున్నాడు. ఏడు పాయింట్ ఆరు నల్లగా ఉంది. దాని కింద, కాగితంలో గుంటపడి, రెండు. చినుకు పడి పేజీ ఉబ్బింది. మూసేశాడు.

అన్నమ్మకు తెలిస్తే. ఆ ఆలోచన ఇంతసేపూ ఎక్కడ దాక్కుందో. ఉద్యోగం పోతే పోతుంది, క్వార్టరు ఖాళీ చేయవలసి వస్తే చేస్తారు, మత్తయి బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతకవచ్చు. నిలుస్తాయి అని ఆమెకు చెప్పినప్పుడు తన చేతిలో ఉన్న కాగితం మీద రెండు పాయింట్ ఆరు ఉందని తెలిస్తే. నలభై తొమ్మిదిలో, నువ్వే కదా పంపావు అని ఆమె ఎన్నడూ అనలేదు. తొమ్మిదేళ్ళలో ఒక్క రాత్రి, ఒక్క జ్వరంలో, ఒక్క కోపంలో అనలేదు. అనని ఆ మాటను అతను రోజూ వింటూనే ఉన్నాడు. ఇప్పుడు అంటుందా? అనడానికి ఆమె ఉంటే చాలు. అంటే చాలు. గుమ్మం బయట నిలబడి, లోపలికి రాకుండా, అంటే చాలు.

లోపలికి వెళ్ళి, పెన్సిలుతో రాసిన కాగితం నాలుగు ముక్కలు చేశాడు. కొత్త కాగితం మీద సిరాతో రాశాడు. నిన్న సాయంత్రం చదివినది వెయ్యిన్ని రెండు పాయింట్ ఆరు. తప్పుగా భావించి అయిదు కలిపి పంపాను. నేటి ఉదయం పంపినది సరైనది. తొమ్మిదీ ఇరవై అయిదుకు తొమ్మిది వందల తొంభై తొమ్మిది పాయింట్ ఒకటి. గాలి తూర్పుకు మళ్ళుతున్నది. తప్పు నాది. దేవదానం. తప్పుగా భావించి అన్న రెండు మాటలు ఉంచాలా తీసెయ్యాలా అని ఒక నిమిషం ఆలోచించాడు. అవి కొట్టేశాడు. కొట్టేసిన గీత కిందనుంచి అవి కనిపిస్తూనే ఉన్నాయి.

ఇంకో కాగితం. కోడూరుకు తంతి లేదు, అవనిగడ్డ దాకా పోతే అక్కడి నుంచి మనిషి సైకిలు మీద తీసుకెళ్ళాలి. కోడూరు చేరేసరికి పన్నెండవుతుంది. మత్తయి పేరు రాశాడు. పెద్ద గాలి వస్తోంది. ఊళ్ళో వాళ్ళనందరినీ తీసుకుని బడి డాబాకు చేరు. మట్టి గోడల దగ్గర ఎవరినీ ఉండనివ్వకు. తర్వాత కలం ఆగింది. అన్నమ్మకు ఏదో రాయాలి. ఏం రాస్తే ఆమె తోటలోంచి లేచి వస్తుంది? పెద్ద గాలి అంటే రాదు. సున్నం ఆరకముందు రాదు. ఆఖరు వాక్యం రాశాడు. అన్నమ్మకు చెప్పు, కొవ్వొత్తులు నిలవవు.

"అబ్బులూ, ఈ రెండూ. పెద్దది ముందు. ఎక్స్‌ప్రెస్ అని చెప్పు. అక్కడి నుంచే రేవు ఆఫీసుకు వెళ్ళి నా మాటగా చెప్పు, పై నుంచి ఉత్తర్వు వచ్చేలోగా సూచిక సిద్ధం చేసుకోమని."

అబ్బులుకు చదువు రాదు. కాగితాలను ముఖానికి దగ్గరగా పట్టుకున్నాడు. "ఏం రాశారండీ ఇందులో?"

చెప్పకపోయినా అతను వెళ్తాడు. రోజూ ఏం రాశారని అడగకుండానే తీసుకెళ్తాడు. "నిన్న సాయంత్రం పాదరసం బాగా దిగింది. నేను నమ్మలేదు. అయిదు కలిపి రాశాను. ఆ సంగతి రాశాను," అన్నాడు దేవదానం.

అబ్బులు ముఖంలో రోజూ ఉండే ఆ నవ్వు వెళ్ళిపోవడానికి కొంచెం సేపు పట్టింది. తలపాగా తీసి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. "మా అల్లుడు పున్నయ్య తెల్లారగట్ట వెళ్ళాడండి. అల చూసి వాడు వద్దన్నాడు. కొయ్య మీద ఏమీ లేదు కదరా, బయలుదేరు అని నేనే అన్నాను."

గేటు మళ్ళీ చప్పుడయింది. ఈసారి ఇద్దరూ అటు చూడలేదు. దేవదానం నోరు తెరవబోయాడు, అబ్బులు చెయ్యెత్తి ఆపాడు. గట్టిగా కాదు, దారిలో ఆవును ఆపినట్టు.

"ముందు ఇది ఇచ్చొస్తానండి," అన్నాడు. "తర్వాత మాట్లాడుకుందాం."

సైకిలు ఎక్కడానికి అతనికి మామూలుగా రెండు మూడు అడుగులు పడతాయి, నడుం వంగదు. ఇవాళ ఒక్క అడుగులో ఎక్కాడు. మలుపు దగ్గర తలపాగా విప్పుకుపోయి రోడ్డు మీద పడింది. ఆగలేదు. తెల్లటి ఆ గుడ్డ కొంతదూరం అతని వెంటే పాకి, తుమ్మ కంచెకు చుట్టుకుంది.

తొమ్మిదీ యాభై రెండు. రిజిస్టరు తెరిచాడు. నిన్నటి వరస. రిజిస్టరులో తప్పు పడితే గీకకూడదు, రబ్బరు వాడకూడదు, కాగితం అంటించకూడదు. తప్పు అంకె కింద కనబడేటట్టు ఒక్క గీత గీసి, పైన సరైనది రాసి, పొడి సంతకం చేయాలి. కొత్తగా చేరినవాళ్ళందరికీ తను చెప్పే మొదటి నియమం. ఏడు పాయింట్ ఆరు మీద ఒక్క గీత గీశాడు. పైన రెండు పాయింట్ ఆరు రాశాడు. సంతకం చేశాడు. అక్షరాలు వంకర పోయాయి. ఈ ఆఫీసులో అతని అక్షరాలు వంకర పోవడం ఇదే మొదలు. వాటిని అలాగే వదిలేశాడు. పళ్ళు పడ్డ రబ్బరు ముక్కను తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు, బస్సులోంచి ఎవరైనా అడిగితే ఇవ్వడానికన్నట్టు.

పదయింది. గడియారం కొట్టడం పూర్తయ్యేదాకా ఆగాడు. థర్మామీటరు చూశాడు. గొట్టం తట్టాడు. మోకాళ్ళు వంచి కంటిని పాదరసంతో సమానం చేశాడు. పైనుంచి కాదు, కిందనుంచి కాదు. ఈ ఒక్క నిమిషం పాదరసం పైకి రానీ, నేను రాసిందంతా తప్పని తేలనీ, అల్లరైపోనీ, బజారంతా నవ్వనీ, ఎండ కాయనీ, మూడు రోజులు, ముప్ఫై రోజులు ఎండ కాయనీ. ఇత్తడి అంచు దిగింది. ఇంకా దిగింది. వెలుగు చుక్కలు రెండూ మిగిలేచోట ఆగింది.

"తొమ్మిది వందల తొంభై ఎనిమిది పాయింట్ మూడు," అన్నాడు పైకే, ఎవరూ లేని గదిలో, ఒక్క మాటా మింగకుండా. నాలుగడుగులు నడిచి బల్ల దగ్గరికి వెళ్ళి దాన్ని అలాగే రాశాడు. ఏమీ కలపలేదు. తిరిగి గోడ దగ్గరికి వచ్చి మళ్ళీ మోకాళ్ళు వంచాడు. బస్సు కోడూరులో ఆగేది పదిన్నరకు.